చదరంగం ఇంజిన్ ఏ తప్పూ చూపని ఆటను ఎలా విశ్లేషించుకోవాలి?

నల్లగొండ ఏనుగు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఒక ప్రైవేటు కళాశాలలో లెక్కలు చెబుతాను. డిగ్రీ రోజుల్లో వదిలేసిన చదరంగాన్ని మళ్లీ పట్టుకుని, సెలవు రోజుల్లో హైదరాబాద్‌లోనూ, వీలైతే మహబూబ్‌నగర్‌లోనూ జరిగే ఓపెన్ టోర్నమెంట్లు ఆడుతున్నాను. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగు 1480 దగ్గర ఆగిపోయింది. 2024 మార్చిలో కనీస రేటింగును 1000 నుంచి 1400కు పెంచారు కాబట్టి, ఈ అంకె చూసి నేను ఏ మెట్టు మీద ఉన్నానో మీరే ఊహించుకోగలరు.

సొంత ఆటలు చూసుకుంటేనే బాగుపడతావని అందరూ చెబుతారు. చూసుకుంటూనే ఉన్నాను. ఇంటికి రాగానే ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్ ముందు పెట్టుకుని అవన్నీ లీచెస్ అనే చదరంగం వెబ్‌సైటులో ఎక్కిస్తాను, కంప్యూటర్ విశ్లేషణ అడుగుతాను, తప్పని గుర్తు పడిన ప్రతి చోటికీ వెళ్లి స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రాం) చెప్పిన ఎత్తేమిటో చూస్తాను. చూసినప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. పావుగంటలో పని అయిపోతుంది. తరువాతి టోర్నమెంటులో మాత్రం నా ఆటలో ఏ మార్పూ కనిపించదు.

ఇటీవలి ఆట ఒకటి నన్ను మరీ ఇబ్బంది పెడుతోంది. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో, అంటే రాజులూ ఏనుగులూ బంటూ మాత్రమే మిగిలిన చివరి దశలో, నాకొక బంటు ఎక్కువ ఉంది. 44వ ఎత్తులో ఏనుగులు మార్చుకున్నాం. మార్పిడి పూర్తయ్యేసరికి ఇ5లో నా రాజు, ఇ4లో నా బంటు, ఇ7లో అతడి నల్ల రాజు మిగిలాయి, ఎత్తు నాది. ఎంత ప్రయత్నించినా అతడి రాజు నా రాజుకు ఎదురుగా వచ్చి నిలబడుతూనే ఉంది, చివరికి డ్రా అయింది. ఇంజిన్‌ను అడిగితే మార్పిడికి ముందూ సున్నా, తరువాతా సున్నా, అంటే రెండు వైపులా సమానమే. ఆ ఎత్తుకు తప్పును సూచించే ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు. మొత్తం ఆటకు కచ్చితత్వం తొంభై శాతం పైనే ఇచ్చింది. ఏ తప్పూ చేయకుండానే చేతికందిన ఆట ఎందుకు జారిపోయింది? అసలు ఇలాంటి ఆటను ఎలా విశ్లేషించాలి? శిక్షకుడిని పెట్టుకునే వీలు ప్రస్తుతానికి లేదు, కాబట్టి ఒంటరిగా చేసుకోగలిగిన పద్ధతి ఉంటే చెప్పగలరు.

పాలమూరు పావులు

సార్, నేను మహబూబ్‌నగర్‌లో పిల్లలకు చదరంగం నేర్పిస్తుంటాను. మీరు చేస్తున్నది ఇంజిన్ విశ్లేషణను చదవడం మాత్రమే. విశ్లేషణ చేయడం వేరే పని. లెక్కల మాస్టారు కనుక మీకు ఇది కొత్త విషయం కాదు. పుస్తకం వెనుక జవాబు చూసుకున్న విద్యార్థికి లెక్క వచ్చినట్టు మీరు ఒప్పుకోరు కదా.

ఇంజిన్‌కు తెలిసింది స్థానం మాత్రమే. మీరు ఆ ఎత్తు ఎందుకు వేశారో దానికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. మీ తలలో ఆ క్షణంలో ఏముందో రాసి పెట్టగలిగిన వారు లోకంలో మీరొక్కరే, అదీ ఆట ముగిసిన కొన్ని గంటల్లోపే. మరునాటికి మనసు తనకు అనుకూలమైన కథ అల్లేసుకుంటుంది. అందువల్ల ఇంజిన్ తెరవకముందే, వీలైతే హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చే బస్సులోనే, స్కోర్‌షీట్ తీసి కీలకమనిపించిన నాలుగైదు ఎత్తుల పక్కన ఒక్కొక్క వాక్యం రాయండి. ఏ ఎత్తులను పరిశీలించారు, ఎదుటివారు ఏమి వేస్తారనుకున్నారు, స్థానం ఎవరికి బాగుందనుకున్నారు అన్నవి అందులో ఉండాలి. "గుర్రం డి5కు వెళ్తే శకటుతో కొడతాడనుకున్నాను, అందుకే మానేశాను" వంటి సాదా వాక్యం చాలు. అలంకారాలు అక్కరలేదు, నిజాయితీ కావాలి. "ఏమీ ఆలోచించలేదు, చేయి ఆడింది" అన్నదే నిజమైతే అదే రాయండి. మా పిల్లల కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే వాక్యం అదే.

ఆ తరువాత బోర్డు మీద పావులు పేర్చి, ఇంజిన్ లేకుండా ఆట మొత్తం మళ్లీ ఆడండి. ఆట మలుపు ఎక్కడ తిరిగిందని మీకు అనిపిస్తుందో అక్కడ ఆగి, ఇరవై నిమిషాలైనా ఆ ఒక్క స్థానం మీద కూర్చోండి. మీ ఎత్తుకు బదులు ఇంకొకటి ఎంచుకుని, దాని కొనసాగింపును కాగితం మీద రాయండి. ఇంజిన్‌ను పిలవాల్సింది అప్పుడు. పిలిచినప్పుడు కూడా అది చెప్పే మొదటి ఎత్తును చూసి తృప్తి పడకుండా, మీ సొంత ఎత్తును వేసి దానికి ఇంజిన్ ఇచ్చే జవాబును చూడండి. మీ ఎత్తు ఎందుకు నిలవదో చూపేది ఆ జవాబే. మంచి ఎత్తు ఏమిటో తెలిసినంత మాత్రాన మీ ఆలోచన ఎక్కడ తెగిందో తెలియదు.

ఈ శ్రమ కొత్తదేమీ కాదు. 1948లో ప్రపంచ విజేత అయిన బొత్విన్నిక్ తన ఆటలను తానే విశ్లేషించుకోవడమే కాదు, ఆ విశ్లేషణను అచ్చు వేయించాలనేవాడు. పదిమంది చదివి తప్పు పట్టే అవకాశం ఉన్నప్పుడే మనిషి తనను తాను మోసం చేసుకోడన్నది ఆయన ఉద్దేశం. కార్పొవ్, కాస్పరొవ్, క్రామ్నిక్ వంటివారు పిల్లలుగా ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. మన పిల్లలకు 2024 డిసెంబరులో రేటింగులో 2800 దాటిన అర్జున్ ఎరిగైసి ఆటలు ఎత్తు తప్పకుండా నోటికి వస్తాయి, అందుకు సంతోషమే. అయితే గత ఆదివారం మీరు ఆడిన మూడో రౌండు ఏమైందని అడిగితే మాత్రం తల గోక్కుంటారు.

ఇక మీ ఎండ్‌గేమ్ సంగతి. మార్పిడి తరువాతి స్థానంలో ఎత్తు మీది కాబట్టి అది డ్రా. అదే స్థానంలో ఎత్తు అతడిదైతే మీరు గెలుస్తారు. అతడి రాజు డి7కు జరిగితే మీ రాజు ఎఫ్6కు, అతడు ఎఫ్7కు జరిగితే మీది డి6కు వెళ్లి బంటుకు దారి చేస్తుంది. రాజులు ఇలా ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎత్తు ఎవరికి పడితే వారు దారి ఇవ్వాల్సి రావడాన్నే మనం ఆపోజిషన్ అంటాం. ఇప్పుడు మీ బంటు ఇ4లో కాక ఇ3లో ఉందని ఊహించండి. రాజులు అవే గడుల్లో ఉన్నాయి, ఎత్తు మీదే. మీరు బంటును ఇ4కు జరుపుతారు, అంతే. ఎత్తు అతడికి పోతుంది, ఆట మీకు వస్తుంది. అంటే మీరు వెతకాల్సింది 44వ ఎత్తును కాదు. ఆ బంటును ఇ3 నుంచి ఇ4కు ఎప్పుడు జరిపారో, జరిపినప్పుడు ఏమనుకున్నారో చూడండి. చాలామంది బంటు ఎంత ముందుకు పోతే అంత మంచిదనుకుని, తరువాత పనికొచ్చే ఎత్తును ముందే ఖర్చు చేసేస్తారు. మీరూ అలాగే అనుకున్నారో, మరో కారణం ఉందో మీ స్కోర్‌షీట్ చూసి మీరే చెప్పాలి.

జడ్చర్ల ప్యాసింజర్

పాలమూరు సార్ చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ప్రతి ఎత్తు పక్కన గడియారంలో మిగిలిన సమయాన్ని కూడా స్కోర్‌షీట్ మీద రాసుకోండి. ఆడుతున్నప్పుడు ఆలోచనలు రాసుకోవడాన్ని ఫిడే నియమాలు అనుమతించవు, ఎత్తు వేయకముందే రాయడమూ కూడదు. కానీ గడియారంలోని సమయాన్ని, డ్రా ప్రతిపాదనలను నమోదు చేసుకోవచ్చని నియమాల్లోనే స్పష్టంగా ఉంది. ప్రతి ఎత్తుకూ రాయడం విసుగనిపిస్తే అయిదు ఎత్తులకొకసారి రాసినా సరిపోతుంది.

తొంభై నిమిషాలు, ఎత్తుకు ముప్పై సెకన్ల చొప్పున అదనం ఉండే ఆటల్లో ఈ అంకెలు బయటపెట్టే విషయాలు వేరెక్కడా దొరకవు. నా విషయంలో తేలిందేమిటంటే, ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తులు) ముగిసిన వెంటనే, అంటే పన్నెండు నుంచి పద్దెనిమిదో ఎత్తు మధ్యలో, నా సమయం సగానికి పైగా కరిగిపోతోంది. ముప్పయ్యో ఎత్తు దగ్గర నేను చేస్తున్న పొరపాట్లన్నీ లెక్క తప్పడం వల్ల వచ్చినవని అంతకుముందు భావించేవాడిని. లెక్కపెట్టుకోవడానికి సమయమే మిగల్లేదన్న సంగతి కాగితం చూశాకే తెలిసింది. ఈ రెండింటికీ మందు వేరు. మొదటిదానికి పజిల్స్ సాధన చేయాలి. రెండోదానికి ఓపెనింగ్ తరువాతి స్థానాలు ఎలా ఉంటాయో ముందే పరిచయం చేసుకోవాలి.

అందుకే నేను ప్రతి పొరపాటు పక్కనా అది ఏ జాతిదో రాస్తాను. ఎదుటివారి ఎత్తు కంటికే ఆనలేదా, ఆనినా దాని బలాన్ని తక్కువగా అంచనా వేశానా, తెలిసి కూడా గడియారం తరిమినందువల్ల వేశానా అన్నది తేలాలి. ఈ మూడు మాటలతో కొన్ని ఆటలు రాసి చూడండి, ఏదో ఒకటి మిగతా రెండింటినీ మింగేస్తుంది. తక్కువ సమయంతో ఆడే రాపిడ్ ఆటల్లో ఎత్తులు రాయాల్సిన నిర్బంధం లేదు కాబట్టి వాటిని ఈ లెక్కలోకి తీసుకోను, గుర్తున్నంతవరకు ఎక్కించి వదిలేస్తాను.

మిర్యాలగూడ మంత్రి

ఇద్దరు పెద్దలు చెప్పిన విషయాలతో నాకు పేచీ లేదు గానీ, మోతాదుతో ఉంది. ఉద్యోగం చేస్తూ ఆదివారాలు ఆడే మనిషికి ఒక్కో ఆట మీద రెండు మూడు గంటల పని అప్పగిస్తే, రెండో వారానికే ఆ నోటుపుస్తకం అటక ఎక్కుతుంది. 1400, 1500 స్థాయిలో ఆటలు పోయేది ఎక్కువగా ఒకటి రెండు ఎత్తుల్లో పావును ఉట్టినే ఇచ్చేయడం వల్ల. అటువంటి ఆటకు ఇరవై నిమిషాల ధ్యానం అక్కరలేదు. ఆ స్థానాన్ని గుర్తుపెట్టుకుని, రోజూ ఓ పావుగంట పజిల్స్ చేస్తే సరిపోతుందని నా అభిప్రాయం. టోర్నమెంటుకు ఒక్క ఆటను, అదీ గెలుపు ఓటములు అటూ ఇటూ ఊగిన ఆటను, లోతుగా చూస్తే చాలు. మిగిలినవాటిని పైపైన చూసినా నష్టం లేదు.

ఓపెనింగ్ విషయంలోనూ అతిగా పోవద్దు. మొన్న మా తమ్ముడి కొడుకు నల్ల పావులతో ఆడుతూ, ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3 గుర్రం సి6, శకటు సి4 గుర్రం ఎఫ్6 అయ్యాక ఎదుటివాడు గుర్రాన్ని జి5కు దూకిస్తే డి5 వేశాడు. అంతవరకు సరిగ్గానే ఉంది. తెల్లబంటు డి5లో కొట్టగానే వీడు గుర్రంతో తిరిగి కొట్టాడు, అవతలివాడు ఎఫ్7లో గుర్రాన్ని బలి ఇచ్చి రాజును నడిబోర్డు మీదకు ఈడ్చుకొచ్చాడు. వాడు ఆ రాత్రే ఇరవై ఎత్తుల దాకా ఉన్న శాఖలన్నీ బట్టీ పట్టడానికి కూర్చున్నాడు. నేను ఆపి, అయిదో ఎత్తులో గుర్రంతో కొట్టకుండా సి6లోని గుర్రాన్ని ఎ5కు జరిపి శకటును తరమాలన్న ఒక్క విషయం రాసుకోమన్నాను. ఆటకొక్క ఎత్తు దిద్దుకుంటే ఓపెనింగ్ దానంతటదే పెరుగుతుంది.

అన్నట్టు, కచ్చితత్వం శాతాన్ని దయచేసి ఎవరూ నమ్ముకోకండి. పావులన్నీ మార్చుకుని పాతిక ఎత్తుల్లో చేతులు కలిపిన ఆటకు తొంభై అయిదు శాతం వస్తుంది, ప్రాణాలకు తెగించి పోరాడి గెలిచిన ఆటకు ఎనభై దాటదు. మీరు ఒక ఏనుగు ఎక్కువతో గెలుస్తున్నప్పుడు ఇంజిన్ చూపే విలువ ఏడు నుంచి ఆరుకు తగ్గితే అది తప్పే కాదు. అదే సమానంగా ఉన్న స్థానంలో ఒక బంటు విలువ పోతే ఆట అక్కడే ఒరిగిపోవచ్చు.

ఇంకొక మాట. ఆట ముగియగానే ఎదుటివారితో కూర్చుని మాట్లాడటానికి మన జిల్లాల ఆటగాళ్లు ఎందుకో మొహమాటపడతారు. హాలు బయట బెంచీ మీద పది నిమిషాలు పావులు పేర్చుకుని, "అన్నా, ఇక్కడ మీరు దేనికి భయపడ్డారు?" అని అడిగితే వచ్చే జవాబు ఏ ఇంజిన్‌లోనూ ఉండదు. మీకు బలహీనంగా తోచిన గడిని ఆయన అసలు పట్టించుకోకపోవచ్చు, మీరు లెక్కలోకి తీసుకోని బంటుకు ఆయన వణికి ఉండవచ్చు. పెద్ద రేటింగు ఉన్నవారైనా సరే, మర్యాదగా అడిగితే కాదనేవారు తక్కువ.

పాలమూరు పావులు

మంత్రి గారు మోతాదు గురించి చెప్పింది న్యాయమే. టోర్నమెంటుకు ఒక్క ఆట అన్న నియమాన్ని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ ఒక్క ఆటను ఎంచుకునేటప్పుడు ఓడిపోయినవాటినే చూడకండి. తేలికగా గెలిచిన ఆటలో ఎదుటివారు శిక్షించకుండా వదిలేసిన పొరపాట్లు ఉంటాయి, గెలిచామన్న సంబరంలో ఆ కాగితాన్ని తిరిగి తెరవము. పజిల్స్ సంగతిలో మాత్రం కొంచెం విభేదిస్తాను. పజిల్‌లో ఇక్కడ ఏదో ఉందని ముందే తెలుసు. ఆటలో ఎవరూ భుజం తట్టి చెప్పరు. సొంత ఆటల్లో పోగొట్టుకున్న స్థానాలను లీచెస్‌లో ఒక ప్రైవేటు స్టడీగా, అంటే అధ్యాయాలున్న పుస్తకంలా, పోగేసుకోండి. ఒక్కో స్టడీలో 64 అధ్యాయాల వరకు పడతాయి. నెల రోజులు ఆగి, జవాబు మరచిపోయాక, వాటిని మళ్లీ ఎదుర్కోండి. అన్నిటికంటే మంచి పజిల్ పుస్తకం అదే, పైగా అందులోని ప్రతి పేజీ మీ బలహీనత మీదే ఉంటుంది.

నల్లగొండ ఏనుగు

ముగ్గురికీ కృతజ్ఞతలు. స్కోర్‌షీట్ తీసి చూశాను. బంటును ఇ3 నుంచి ఇ4కు జరిపింది 41వ ఎత్తులో. పక్కన ఇప్పుడు రాయబోతే నిజంగా గుర్తొచ్చింది ఒక్కటే. బంటుకు రాజు తోడుగా ఉంది కనుక ముందుకు తోస్తే భద్రమని అనుకున్నాను. మార్పిడి ఆలోచన అప్పటికి నా మనసులో లేదు.

అయితే ఒక చిక్కు ఉంది. ఏడు పావుల లోపు స్థానాలకు లీచెస్‌లో టేబుల్‌బేస్ (చివరి దాకా ముందే లెక్కించి పెట్టిన స్థానాల పట్టిక) కచ్చితమైన ఫలితం చూపుతుంది కదా, మా స్థానంలో రాజులతో కలిపి అయిదే ఉన్నాయి. అందులో పెట్టి చూస్తే 41వ ఎత్తుకు ముందూ డ్రానే, తరువాతా డ్రానే. అతడు సరిగ్గా ఆడితే ఎలాగూ డ్రా అయ్యే స్థానంలో ఇ4ను తప్పు అనవచ్చా? ఇది వాదన కోసం అడగడం లేదు. ఇలాంటి ఎత్తులను నా పుస్తకంలో పొరపాటుగా రాసుకోవాలో వద్దో నిజంగానే తేలడం లేదు.

పాలమూరు పావులు

రాసుకోవాలి. ఎందుకంటే మీరు ఆడింది టేబుల్‌బేస్‌తో కాదు, సమయం తరుగుతున్న ఒక మనిషితో. బంటు ఇ3లో ఉన్నంతకాలం ఏనుగుల మార్పిడి అతడికి ప్రాణాంతకం, ఎందుకంటే మీ రాజు ఇ5కు చేరి ఉంటే ఎత్తు ఎవరిదైనా బంట్ల ఎండ్‌గేమ్ మీదే. బంటుకు రెండు గడులు ముందు రాజు నిలబడితే ఎత్తు ఎవరిదన్న ప్రశ్నే ఉండదు. కాబట్టి మీరు మార్పిడికి పిలిచిన ప్రతిసారీ అతడు ఏనుగును పక్కకు తప్పించుకోవాలి, ఆ తప్పించుకోవడంలో కాలు జారవచ్చు. ఇ4 వేయగానే ఆ భయం పోయింది. మీరు మార్పిడికి పిలిస్తే అతడు సంతోషంగా ఒప్పుకున్నాడు.

దీన్ని ఊహగా వదిలేయకుండా కొలవవచ్చు. టేబుల్‌బేస్ పెట్టెలో అవతలివారి వంతు వచ్చినప్పుడు, వారి ప్రతి ఎత్తు పక్కనా అది ఓటమో డ్రానో కనిపిస్తుంది. 41వ ఎత్తులో బంటును కదపకుండా రాజుతోనో ఏనుగుతోనో వేయగలిగిన మంచి ఎత్తు ఒకటి వేసి, నల్లవారికి డ్రా నిలిపే ఎత్తులు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. తరువాత మీరు నిజంగా వేసిన ఇ4 పెట్టి, మళ్లీ లెక్కపెట్టండి. మొదటిదాంట్లో అతడికి రెండో మూడో దారులు మాత్రమే ఉండి, రెండోదాంట్లో ఏది వేసినా డ్రా అయ్యేట్టుంటే, ఇ4 ఎంత ఖరీదైనదో మీకు అంకెల్లోనే తెలుస్తుంది. తేడా ఏమీ లేకపోతే ఆ ఎత్తును కొట్టేసి, ఇంకా వెనక్కి 38, 39 ఎత్తుల వైపు వెళ్లండి. ఏనుగులు ఉండగానే అతడి రాజు బంటు దారిలోకి రాకుండా అడ్డుకట్ట వేసే అవకాశం అక్కడేమైనా దొరుకుతుందేమో చూడాలి. 36వ ఎత్తు తరువాతి స్థానాన్ని ఇక్కడ పెట్టగలిగితే, ఈ ఆదివారం మా పిల్లలతో తెల్లపావుల వైపు నుంచి ఆడించి, వాళ్లు ఏ ఎత్తులు ఎంచుకున్నారో మీకు రాసి పంపుతాను.